నా పేరుతో వెళ్ళిన జవాబులు

కళ్ళలో చుక్కలు వేశాక సాయంత్రం దాకా దగ్గరి వస్తువులు కనపడవని నెల్లూరు ఆసుపత్రిలో నర్సు ముందే చెప్పింది. మధ్యాహ్నం తిరుగు బస్సెక్కాను. చొక్కా జేబులో ఫోను ఆగి ఆగి అదురుతూనే ఉంది. తీసి చూస్తే తెల్లటి మసక తప్ప ఏమీ లేదు. మా పాలెం వాట్సాప్ గ్రూపులో మెసేజీలు వస్తున్నాయని మాత్రం ఆ అదురును బట్టి తెలిసింది.

నేను ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో చేశాను. రిటైరయ్యాక జువ్వలదిన్నె పక్కన, పడవలు కనిపించే చోట ఇల్లు అద్దెకు తీసుకున్నాం. రోజూ గాలి, అలల సంగతి చదివి జాలర్ల గ్రూపులో పెట్టడం నా పనైంది. పడవ ఆలస్యమైతే ఆడవాళ్ళు నన్నే అడిగేవారు. నా జవాబు ఎప్పుడూ ఒకటే: "వస్తా ఉండారు, భయం లేదమ్మా."

చూపు మందగించాక ఆ పనికి ఒక ఏఐ ఏజెంటును, తనంతట తానే మెసేజీలు రాసే ప్రోగ్రామును, పెట్టుకున్నాను. దాని కోసం ఎక్కడో దూరాన ఉన్న సర్వరులో చోటు అద్దెకు తీసుకున్నాను. మా ఇంట్లో కరెంటు పోయినా, నేను పడుకున్నా, అది మేలుకునే ఉంటుంది. నేను చేసిన ప్రతి పనినీ డైరీలో రాసుకుంటూ, ఎవరి సాయమూ లేకుండా నడిపించాను. నా డైరీ, పాత మెసేజీలన్నీ దానికిచ్చి, నేను అందుబాటులో లేని రోజున నాలాగే జవాబివ్వమన్నాను. ఈ చివరి ఏర్పాటు ఆసుపత్రికి బయలుదేరే ముందు చేసింది. గ్రూపులో చెప్పలేదు.

బస్సు కోవూరు దాటాక నా భార్య ఫోను చేసింది.

"ఏమయ్యా, ఎదురింటి పడవ సంగతి నీకు ఎవురు చెప్పినారు?"

"ఏ సంగతి?"

"వస్తా ఉండారని పొద్దున్నుంచి పెడతానే ఉండావు గదా! తెల్లారి రావాల్సిన పడవది."

ఏజెంటు నా బదులు రాస్తోందని అర్థమైంది. "నేను పెట్టలేదు. కంప్యూటరు ఆపెయ్."

కాసేపటికి ఆయాసపడుతూ మళ్ళీ లైనులోకి వచ్చింది. "ఆపినా. ప్లగ్గు గూడా పీకేసినా."

నా చేతిలో ఫోను మళ్ళీ అదిరింది.

"అయ్యో, ప్లగ్గు పీకినా మాట్లాడతా ఉండాదే! ఇదేం దెయ్యమయ్యా?"

కంగారులో ఆపమన్నానే గానీ, అది మా ఇంట్లో లేదని ఆమెకు ఎలా చెప్పను? ఆపాలంటే సర్వరు తెరిచి పాస్‌వర్డు కొట్టాలి. నాకు అక్షరమే కనపడటం లేదు. పక్క సీటాయనను బతిమాలి ఫోను ఇచ్చాను. ఆయన అటూ ఇటూ తిప్పి, "ఇంగ్లీషులో ఏందేందో అడగతా ఉండాది పెద్దాయనా, నావల్ల కాదు" అని తిరిగి ఒళ్ళో పెట్టాడు.

మా పాలెంలో ఒక కట్టుబాటు ఉంది. పడవ రాకపోతే "రాలేదు" అనే మాట బయటివాళ్ళెవరూ అనకూడదు. ఆ ఇంటి ఆడమనిషి, పాలెం పెద్ద అయిన పెద్దకాపు వాకిట్లోకి వచ్చి నిలబడాలి. అప్పుడే మిగతా పడవలు వెతకడానికి దిగుతాయి. అంతకు ముందు దిగితే, వేటకు పోయినవాళ్ళకు కీడు తలచినట్టే. ఆ మనిషేమో నా మెసేజీ నమ్మి ఇంట్లో కూర్చుని ఉంది.

పక్క సీటాయన చేతనే భార్యకు ఫోను కలిపించి, ఎదురింటికి వెళ్ళి ఆమెకు ఇవ్వమన్నాను.

"అమ్మా, పెద్దకాపు కాడికి పో."

"అట్టంటావేందన్నా? భయం లేదని నువ్వే అంటివి గదా."

"అవి నా మాటలు కావమ్మా. మిషను రాసింది."

అంతలో నా చెవి దగ్గరే ఫోను అదిరింది.

"ఇదో, మళ్ళీ పెట్టినావు గదన్నా..." అని తన ఫోను మళ్ళీ చూసుకుంది. "నువ్వు నాతో మాట్లాడతానే ఉండావే."

"అవునమ్మా."

"అయితే మావాళ్ళ కాడ్నించి కబురేమీ లేదా?"

"లేదమ్మా."

ఫోను కింద పడిన చప్పుడైంది. ఆమె చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తిందని నా భార్య చెప్పింది.

మిగతా దారంతా నేను ఒకటే ఆలోచించాను. "వస్తా ఉండారు" అని రాసే ముందు ఎన్నడూ నేను ఫోను చేయకుండా ఉండలేదు. ఆ పడవకో, దాని పక్కన వల వేసిన పడవకో చేసి, మనిషి గొంతు విన్నాకే రాసేవాణ్ణి. ఎక్స్ఛేంజీలో అబ్బిన అలవాటు అది. మెసేజీల్లో ఆ ఫోన్ల జాడ లేదు. ఊపిరి పీల్చిన సంగతి ఎవరు రాస్తారు? డైరీలో కూడా రాయలేదు. ఏజెంటుకు అందింది ఆ ఒక్క వాక్యమే.

నేను ఒడ్డుకు చేరేసరికి పడవలు వెళ్ళిపోయాయి. ఆడవాళ్ళు ఇసుకలో కూర్చుని ఉన్నారు. ఎవరూ నన్ను పలకరించలేదు. చివరికి ఒక ముసలామె అంది, "నీ మిషను యాడ కూసోని చూసినాదయ్యా సముద్రాన్ని?"

పొద్దు వాలే వేళకు చూపు తేరుకుంది. నాకు స్పష్టంగా కనపడిన మొదటి అక్షరాలు గ్రూపులో ఉన్నవే. ఆ వాక్యమే, ఒకదాని కింద ఒకటి. నేను రాసినట్టే ఉంది. నేను చూసినా నాదే అనుకునేవాణ్ణి.

చీకటి పడుతుండగా తాడు కట్టి లాక్కొచ్చారు ఆ పడవను. ఇంజను చెడి, ఫోను అందనంత దూరం దక్షిణానికి కొట్టుకుపోయింది. ఎదురింటి అన్నదమ్ములిద్దరూ పెదవులు పగిలి, నిలబడలేక తోటివాళ్ళ భుజాల మీద వాలి దిగారు. ఎదురింటామె నా వైపు చూడలేదు.

ఇంటికి వెళ్ళి సర్వరు తెరిచాను. ఏజెంటు ఆ రోజు నివేదిక రాసి పెట్టింది: "పడవ తిరిగి వచ్చినట్టు గ్రూపులో తెలిసింది. ఉదయం నుంచి ఇచ్చిన జవాబులు సరైనవే." అది చదివినప్పుడు కలిగిన భయం బస్సులో కూడా కలగలేదు. పడవ రాకపోయి ఉంటే, రేపూ ఎల్లుండీ అది అదే రాస్తూ ఉండేది. దాన్ని ఆపి, సర్వరులో ఉన్నదంతా తుడిచేసి, అద్దె చోటు వదిలేశాను.

ఇప్పుడు పడవ ఆలస్యమైతే ఎదురింటామె గ్రూపులో అడగదు. మా గుమ్మంలోకి వస్తుంది. "రాసేది వద్దన్నా, నా ముందరే ఫోను చెయ్" అంటుంది. నేను నంబరు కలుపుతాను. అవతల మోగుతూ ఉంటుంది. సముద్రం మీంచి ఎవరో ఒకరు "ఆఁ, చెప్పన్నా" అనేదాకా మా ఇద్దరికీ ఊపిరి ఆడదు.