ఎండిన బోరు దగ్గర కూడిక

కుందుర్పి దగ్గర తన చేలో బోరు వేయించిన రోజు మా అత్త కృపాకుమారి నీళ్లు పడకముందే కృతజ్ఞత కూడికకు వంట చేయించింది. నీళ్లు పడ్డాక తెలిసినవాళ్లందరినీ పిలిచి, ప్రార్థన చేసి, భోజనం పెట్టడం మావాళ్ల పద్ధతి. ఆమె మాత్రం బోరుబండి చేలోకి దిగకముందే పొయ్యి వెలిగించింది. పొద్దు గూకేదాకా తవ్వినా తెల్లటి రాతిపిండి తప్ప ఏమీ పైకి రాలేదు. ఆ పిండి అన్నం గిన్నెల మీద కూడా పడిందట.

"వచ్చినోళ్లు ఏమన్నారత్తా?" అని పెళ్లయిన కొత్తలో అడిగాను.

"ఏమంటారు? మా మరిది యేసన్న, 'వదినా, నీళ్లు లేకుంటే పోనీలే, సున్నం బాగా పడినాది, ఇండ్లకు కొట్టుకుందాం' అన్నాడు. అందరూ నవ్వినారు, తిన్నారు, పోయినారు."

"మరి నువ్వు?"

"స్తోత్రం చెప్పినా. పిలిచి కూకోబెట్టినాక మానుకుంటే బాగుంటాదా?"

అప్పటినుంచి ఏటా నవంబరులో ఒక ఆదివారం, తెల్లవారకముందే ఇంట్లో అందరినీ ఆ ఎండిన బోరు దగ్గరికి నడిపిస్తుంది. కూలికి పోయి కొడుకును చదివించిన మనిషి. మామ చనిపోయిన ఏడు కూడా మానలేదు.

నేను మాత్రం పాప పుట్టాక ఎప్పుడూ వెళ్లలేదు. ఫిజిక్సు చదివాను, బోరుగుంతల్లో పడిన పిల్లల వార్తలు కూడా చదివాను. ఈ ఏడు మా రెబెకాకు, నాలుగేళ్ల పిల్లకు, న్యుమోనియా వచ్చింది. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. బతికి ఇంటికి వచ్చింది. ఆనాటి నుంచి దాన్ని గడప దాటనివ్వలేదు. నిద్రలో పొట్ట లేస్తోందో లేదో చెయ్యి పెట్టి చూసేదాన్ని. అది పరుగెత్తడం మానేసింది. నా భయం చూసి చూసి, ఊపిరి కూడా పైపైన, మెల్లగా పీల్చడం నేర్చుకుంది.

"దేవుడు దాన్ని బతికిచ్చినాడు. నువ్వు డబ్బాలో ఏసి మూత పెడ్తాండావు," అంది అత్త. "ఈసారి అది రావల్ల."

పాప చెయ్యి వదలను అనే షరతు మీద ఒప్పుకున్నాను.

ఆ తెల్లవారుజామున చలి గట్టిగా ఉంది, గాలి మాత్రం లేదు. దూరంగా కొండమీద గాలిమరలన్నీ నిలిచిపోయి ఉన్నాయి. వాటి ఎర్రదీపాలు ఒక్కసారే వెలిగి ఒక్కసారే ఆరుతున్నాయి. ఒక్క కుక్క కూడా మొరగలేదు. ముందు నడుస్తున్న నా భర్త జయచంద్ర ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"అమ్మా, పోయినేడు ఇట్ల లేదే."

బోరు మీద కప్పిన బండ అంచు కింది నుంచి తెల్లటి ఆవిరి సన్నగా లేస్తోంది. టార్చి వెలుగులో అది కాసేపు లేచి, ఆగి, మళ్లీ లేచింది.

"కూకోండి," అంది అత్త, గోనెపట్ట పరుస్తూ.

పాట అయింది. ప్రార్థన మొదలైంది. రెబెకా చెయ్యి పట్టుకుని, ఎప్పటిలాగే కళ్లు తెరుచుకునే కూర్చున్నాను.

"కోడలా, కండ్లు మూసుకో," అంది అత్త. ఆమె కళ్లు మూసే ఉన్నాయి.

మూసుకున్నాను. అత్త మాట మధ్యలో ఆగినప్పుడు ఆ శబ్దం వినబడింది. గరగరమంటూ, పొడుగ్గా, ఆగి ఆగి వచ్చే ఊపిరి. ఆసుపత్రిలో మాస్కు కింద విన్నది అదే. చేతిని గట్టిగా బిగించాను. నా గుప్పిట్లో ఏమీ లేదు.

రెబెకా బండ మీద బోర్లా పడుకుని, సందుకు చెవి ఆనించి ఉంది.

"అమ్మా, ఇది ఊపిరి ఇడుస్తాంది. నా మాదిరి."

నేను లేచేలోపే పాప రొమ్ము నిండా గాలి పీల్చింది. ఆసుపత్రి నుంచి వచ్చాక అంత ఊపిరి తీసుకోవడం అదే మొదలు. సందులోకి ఊదింది. ఆవిరి చెదిరి, ఆగిపోయింది. కాసేపు ఏమీ లేదు. తరువాత లోపలి నుంచి పొడుగాటి ఊపిరి ఒకటి తిరిగి వచ్చింది.

పాప పకపకా నవ్వింది.

నేను పరుగెత్తి దాన్ని ఎత్తుకున్నాను. జయచంద్ర రెండు చేతులతో బండను తోసి చూశాడు. "రవ్వంత కూడా కదల్లేదు. నలుగురం మోసి పెట్టినాం కదా," అన్నాడు.

సందు మీద అరచెయ్యి పెట్టాను. వెచ్చగా, తేమగా తగిలింది.

"ఏమంటాది నీ చదువు?" అని అడిగింది అత్త.

"సముద్రంలో అల్పపీడనం ఉందత్తా. పైన గాలి బరువు తగ్గితే రాళ్ల సందుల్లో ఉన్న గాలి బయటికి వస్తుంది. చలికి ఆవిరిగా కనబడుతుంది."

అది నిజమే. కానీ పాప ఊదినప్పుడు ఎందుకు ఆగింది, ఎందుకు జవాబిచ్చింది అన్నది నాకు తెలియదు.

"వానొస్తాదా?"

"చెప్పలేను."

"పోనీలే. నీళ్లు లేకున్నా లోపల ఊపిరన్నా ఉండాది. అందుకు స్తోత్రం చెప్పనీ." అత్త మళ్లీ కళ్లు మూసుకుంది.

"అమ్మా, దించు," అంది రెబెకా.

దించాను. దాని చెయ్యి ఇంకా నా చేతిలోనే ఉంది. నా వేళ్లు ఒక్కొక్కటీ విప్పుకున్నాను. కళ్లు మూసుకున్నాను. చిన్న అడుగులు బండ వైపు పరుగెత్తాయి. తరువాత రెండు ఊపిరులు వినబడ్డాయి. ఏది నా బిడ్డదో పోల్చుకోలేకపోయాను. అయినా కళ్లు తెరవలేదు.

ప్రార్థన ముగిసేసరికి తడిచెయ్యి ఒకటి నా చెంపను తాకింది.

"బండంతా తడిగా ఉండాదమ్మా," అంది రెబెకా, రొప్పుతూ, నవ్వుతూ.

"ఆమేన్," అన్నాను.