మగ్గం దిగిన అవ్వ

మొన్న ఆదోనిలో బట్టల అంగట్లో చేనేత చీర మడత విప్పగానే గంజి వాసన గుప్పుమంది. నాకు కడుపు మండింది. అది మా అవ్వ ఒంటి వాసన. ఎమ్మిగనూరులో పాతికేళ్లు నేసిన మనిషి. నేసింది ఆమేనని ఒక్క కాగితమూ ఒప్పుకోలేదు.

కరువొచ్చి గంజి కేంద్రాలు పెట్టిన ఏడాది తాతకు జ్వరం తగిలి, చేతులు వణకడం మొదలైంది. ఆనాటి నుంచి మగ్గం గుంతలో కూర్చుని నేసింది అవ్వే. మద్రాసు రాష్ట్రం పోయింది. కర్నూలు రాజధాని అయింది, అదీ పోయింది. ఎమర్జెన్సీ వచ్చి వెళ్లింది. సర్కారు నూలు ఇచ్చే కార్డు మీద తాత పేరు మాత్రం కదల్లేదు.

నూలు ఆఫీసు నుంచి తనిఖీకి వస్తున్నారంటే చాలు, అవ్వ గబగబా లేచి తాతను గుంతలో కూర్చోబెట్టేది. తాను రాట్నం ముందు చేరి నూలు కండెలు చుట్టేది. వచ్చినాయన గుడ్డ నిమిరి, "నీ చెయ్యి భలే సాఫీగా ఉందప్పా!" అనేవాడు. వణికే చేతుల్ని పంచెలో దాచుకుని తాత తలూపేవాడు. ఛీ! ఆ తలూపుడు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

"ఎందుకవ్వా లేస్తావు? నేసేది నేనేనని సెప్పొచ్చు కదా?" అని ఒకసారి అడిగాను.

"ఊరుకో పాపా. మొగుణ్ణి కూర్చోబెట్టి పెండ్లాం నేస్తాందంటే నలుగురూ నవ్వరా? ఆయన తలెత్తుకొని తిరగొద్దా?"

తాత పోయిన నెలకే కార్డు రద్దు చేశారు. కార్డు లేకపోతే నూలు లేదు, నూలు లేకపోతే మగ్గం మూలన పడ్డట్టే. అవ్వకు తోడుగా నేను ఆఫీసుకు వెళ్లాను. బల్ల వెనక ఆ తనిఖీ ఆయనే ఉన్నాడు.

"నేసేటోడు పోయినాడు కదమ్మా, ఇంక నూలెందుకు?"

"నేసింది నేను కదప్పా!"

"మీ ఇంటికి ఎన్నిసార్లు వచ్చినా? ఎప్పుడు చూసినా మగ్గంలో ఆయనే ఉండె. నువ్వు కండెలు చుడతాంటివి."

"ఇంటికి రా, నీ ఎదురుగా నేసి చూపిస్తా!"

ఆయన నవ్వాడు. నూలు కోసం నిలబడ్డవాళ్లలో మా వీధివాళ్లు ముగ్గురున్నారు. రోజూ అవ్వ మగ్గం చప్పుడు విన్నవాళ్లే. ఒక్కడికీ నోరు రాలేదు, సిగ్గులేని మనుషులు!

ఆ తర్వాత అవ్వ మగ్గం జోలికి పోలేదు. గోనెగండ్ల పొలాల్లో కలుపు తీసి బతికింది. నేను తాతను తిడితే, "పోయినోణ్ణి ఏమనొద్దు" అని నన్నే కసిరేది.

ఇప్పుడు మా కోడలు ఇంట్లో బట్టలు కుడుతుంది, బోర్డు మీద మాత్రం నా కొడుకు పేరుంది. "మీ ఆయన బాగా కుట్టినాడే!" అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకుంటుంది. నేను ఊరుకోను. "కుట్టింది ఆమె!" అని వీధంతా వినబడేలా అరుస్తాను. అత్తకు నోరెక్కువని అనుకుంటారు. అనుకోనీ. ఆనాడు ఆ ఆఫీసులో, అవ్వ పక్కనే నిలబడి, నేనూ నోరు తెరవలేదు.