అత్త మోచేతి ఎత్తు

మా అత్త పోయింది. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున, మా ఊరి ఎరువుల అంగడి ఫోనుకు దోహా నుంచి కబురొచ్చింది. అంగడాయన సైకిలు తొక్కుకుంటూ వచ్చి వాకిట్లోనే చెప్పాడు. ఉమ్ సలాల్‌లో ఆమె పనిచేసే షేకు తోటలో చాయ్ పెట్టబోతూ కూలబడిందట, మళ్ళీ లేవలేదట.

మా నాయన తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఆయన అడిగిన మొదటి మాట, "ఆడ్నే పూడుస్తారంటనా, ఈడికి పంపిస్తారంటనా?" పక్కనే ఉన్న మా అమ్మ, "పంపిస్తే ఎప్పుడొస్తాదో కనుక్కో, చుట్టాలకు చెప్పుకోవాల" అంది. పుట్టింటికి వచ్చి ఉన్నాను కాబట్టి ఇవన్నీ నా చెవులతో విన్నాను. నాకు ఒళ్ళు మండింది. ఇంకా మండుతూనే ఉంది. పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలు రాయాలంటారు. ఆమె గురించి రాయడానికి మంచి మాటలే ఉన్నాయి. మా గురించి రాయడానికే లేవు.

ఆమె మా నాయన చెల్లెలు. పెళ్ళయిన రెండేళ్ళకే మొగుడు పోతే, పిల్లలు లేరు కాబట్టి ఇంకేం అడ్డమని, ఏజెంటును పట్టుకుని దోహాకు వంటమనిషిగా పంపించారు. గిద్దెడు మనిషి. ఒకసారి సెలవుకొచ్చి మా ఇంట్లో ఉట్టి మీది కుండ దించాలంటే నన్ను పిలిచేది, అప్పటికి నాకు పన్నెండేళ్ళు. దోహాలో ఆ ఇంటి వంటగట్టు ఆమె రొమ్ము దాకా వచ్చేదట. నూనె డబ్బా బోర్లించి దాని మీద నిలబడి ఇరవై ఏళ్ళు వండింది. ఒకసారి డబ్బా జారి, మసిలే గంజి ముంజేతి మీద ఒలికింది. ఆ మచ్చ అరచేతంత ఉండేది. సెలవులో వచ్చినప్పుడు ఎవరైనా అడిగితే, "అది ఖతర్ వాళ్ళ స్టాంపు, పాస్‌పోర్టు మీద వేసినట్ల చేతి మీద వేసినారు" అనేది.

మా ఊళ్ళో ఇల్లు కడుతున్నప్పుడు ఆమె ఒక ఉత్తరం పంపింది. కట్టేది ఆమె సంపాదనతోనే. చదువు రాదు కాబట్టి షేకు ఇంటి డ్రైవరుతో, మా జిల్లావాడే, రాయించింది. "ఇల్లు మీ ఇష్టమొచ్చినట్ల కట్టుకోండి. వంటగట్టు మాత్రం ఈ ఎత్తుకే పెట్టించండి. వట్టికాళ్ళతో నిలబడి మోచేతి దాకా కొలిచి ముడేసినా" అని. కవర్లో ఒక పురికొస ముక్క, దానికి ఒక ముడి. ఇరవై ఏళ్ళలో ఆమె మమ్మల్ని అడిగింది అదొక్కటే.

బేల్దారి మేస్త్రి ఆ పురికొస చూసి, "ఇదేందన్నా, చిన్నపిల్లోళ్ళు వండుతారా మీ ఇంట్లో?" అని నవ్వాడు. మా అమ్మ, "రేపు కోడలొస్తే దాని నడుం పడిపోదా?" అంది. మా నాయన, "రెండేండ్లకొకసారి వచ్చేదానికి ఇదంతా దేనికి? అందరికీ పెట్టినట్లే పెట్టు" అన్నాడు. పురికొస ఊరికే పోగొట్టడమెందుకని పెరట్లో బీరతీగకు కట్టారు. కట్టింది నేనే. ఎవరో కట్టారని రాసుకుంటే నాకే హాయిగా ఉండేది.

ఇల్లు పూర్తయ్యాక ఆమె సెలవులో వచ్చింది. నేరుగా వంటింట్లోకి పోయి గట్టు మీద చెయ్యి పెట్టింది. చెయ్యి భుజం ఎత్తుకు లేచింది. "బాగుండాదిలేన్నా" అని బయటికొచ్చేసింది. అప్పుడే నా పెళ్ళయింది కాబట్టి ఆమెకని కట్టిన గది మాకిచ్చారు, ఆమె వసారాలో పడుకుంది. రెండో రోజు నుంచి వాకిట్లో పోయేవాళ్ళందరిదీ ఒకటే మాట, "ఎప్పుడొచ్చినావు? మళ్ళా ఎప్పుడు పోతాండావు?" గల్ఫు నుంచి వచ్చినవాళ్ళను మా వైపు అందరూ అడిగేదే. సొంత అన్న కూడా అడిగాడు.

కువైట్ యుద్ధం అయిన మరుసటేడు మా ఆయనకు దోహాలో డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగమొచ్చింది. అల్ మన్సూరాలో ఒక గది, ఇంకొకరితో పొత్తు వంటిల్లు. నేను బయల్దేరే ముందు మా నాయన నాకొక పని అప్పజెప్పాడు. అత్త ఇంక పని మానేసి వచ్చేస్తానని ఉత్తరం రాయించిందట. "ఈడ జాగా యాడుందిమే? తమ్ముని పెండ్లి ఉండాది. ఇంగో రెండేండ్లు ఆడ్నే ఉండమని నువ్వే మెల్లగా చెప్పు. నీ మాటైతే ఇంటాది" అన్నాడు. సరేనన్నాను.

మొదటి శుక్రవారమే మా ఆయన కంపెనీ పికప్‌లో ఉమ్ సలాల్ పోయాము. అత్త పనిచేసే ఇంటి ముసలామె, షేకు తల్లి, పట్నంలో కొడుకుల గోల పడలేక తోటకు మకాం మార్చింది. పట్నం ఇంటి వంటంతా కొత్తవాళ్ళకు వదిలి అత్తను మాత్రం వెంట తెచ్చుకుంది. అందరూ ముసలామెను అమ్మ అనే అర్థంలో మామా, మామా అంటుంటే నాకు నవ్వాగలేదు. ఖర్జూరం చెట్లు, కీర మళ్ళు, మోటారు నీళ్ళు పడే పెద్ద సిమెంటు తొట్టి. తొట్టి పక్కన రెండు కుర్చీలు వేసుకుని అత్త, ముసలామె ఇద్దరూ కాళ్ళు నీళ్ళల్లో పెట్టి కూర్చునేవాళ్ళు. "ఇదేమే మా చెరువు. దీంట్లో కప్పలు లేవు, చుట్టాలు లేరు" అంది అత్త నన్ను చూడగానే.

నన్ను లోపలికి తీసుకుపోయి వంటిల్లు చూపించింది. గట్టు నా తొడల దాకా వచ్చింది. ఆమె దాని ముందు నిలబడి మోచెయ్యి ఆనించి నా వైపు చూసింది.

"ఎవరు కట్టించినారత్తా?"

"ముసల్దే. డబ్బా మీద నిలబడేది చూసింది. గోడకు నిలబెట్టి, మోచెయ్యి కాడ బొగ్గుతో గీత గీసి, పఠాన్ మేస్త్రిని పిలిచి, యల్లా, కానీ అనింది. నేను అడగనన్నా అడగలేదుమే."

ఆ మాట విన్నాక నేను నోరు మూసుకుని ఇంటికి రావాల్సింది. అయినా చెప్పాను. నాయన చెప్పమన్నది చెప్పినట్టే, మెల్లగా, తల వంచుకుని. ఆమె కీరకాయ తరుగుతూ విని, "మీ నాయన పంపిచ్చినాడా?" అంది. తలూపాను. కీర ముక్క ఉప్పులో అద్ది నా చేతికిచ్చింది.

"రానని చెప్పు. రెండేండ్లు కాదు, ఎప్పుడూ రానని చెప్పు. ఈడ నన్ను ఎప్పుడు పోతావని ఎవురూ అడగరు."

షేకుల ఇంటిని పొగుడుతున్నానని ఎవరూ అనుకోవద్దు. నాకు వాళ్ళ మీద కూడా కోపమే. ఆమె పాస్‌పోర్టు ఆ ముసలామె ఇనప బీరువాలో ఉండేది, తాళం చెవి మెడలో ఉండేది. మా అవ్వ, అత్త తల్లి, చనిపోయినప్పుడు పంపించమని అత్త ఏడ్చి అడిగితే, రంజాన్ అయ్యాక పోదువులే అందట. పోయేసరికి కర్మంతరాలు కూడా అయిపోయాయి. నేనొకసారి ఆ సంగతి ఎత్తి, "ఆమెను ఎట్ల చూసుకుంటాండావత్తా, అంత ప్రేమగా?" అని కయ్యానికి పోయాను. "గట్టు కట్టిచ్చిన చెయ్యే బీరువాకు బీగం వేసింది. రెండూ ఒక చెయ్యేమే. నేను ఏ వేలు పట్టుకోని, ఏ వేలు ఇరచాల?" అంది.

ఆ తర్వాత నాలుగేళ్ళు వీలైన ప్రతి శుక్రవారం పోయాను. మన్సూరా కొట్లో రాగిపిండి దొరికితే పట్టుకుపోయేదాన్ని. సంగటి కెలకడానికి ఆమెకు ఇప్పుడు డబ్బా అక్కర్లేదు, నేల మీద గట్టిగా నిలబడి తెడ్డు తిప్పేది. ముసలామె చేపల పులుసుతో రెండు ముద్దలు మింగి, మూడో ముద్దకు చెయ్యి చాపేది. "చూడు, అరబ్బులను కూడా రాయలసీమోళ్ళను చేసినా" అనేది అత్త. చెప్పుల్లోకి సాక్సులు వేసుకునేది. ఉప్పు చూడాలంటే ఎడమ అరచేతిలో చుక్క వేసుకుని నాకేది. ఎవరైనా వంట బాగుందంటే, "ఆకలి బాగుండాది" అనేది. నేను తిరిగి వచ్చేసే రోజున ఏడవలేదు. "పోయేదానివి నువ్వు, నన్ను అడిగినట్ల ఎప్పుడు పోతావని నిన్ను అడిగితే చెప్పు తీసుకో" అంది.

ఆమె పోయాక కాగితాలన్నీ అయ్యి, మద్రాసు ఎయిర్‌పోర్టు నుంచి వ్యానులో పెట్టె రావడానికి రెండు వారాలు పట్టింది. పెట్టెను వసారాలో దించారు, ఆమె పడుకునే చోటే. జనం వస్తున్నారు, చూస్తున్నారు, అడుగుతున్నారు. "ఎప్పుడొచ్చింది? ఎప్పుడు తీస్తారు?"

చచ్చిపోయినా అదే ప్రశ్న. నేను పెద్దగా అరిచాను. ఏమని అరిచానో సరిగ్గా గుర్తులేదు. దుఃఖంతో మతి తప్పిందని నన్ను పక్కకు తీసుకుపోయారు.

మా వైపు పూడుస్తారు. గొయ్యి తవ్వే మనిషి కొలతకని తాడు తెచ్చుకుని వచ్చాడు. మూత తీసి ఉంది. ఆ పెట్టె ఎవరో ఆరడుగుల మనిషికి చేసినది. మా అత్త దాంట్లో సగానికి కొంచెం ఎక్కువ ఉంది, కాళ్ళ దిక్కు మిగిలిన జాగాలో దూది, గుడ్డలు కూరారు. అతను తాడును పెట్టె పొడవునా పట్టుకుని ముడి వేయబోయాడు.

"పెట్టెకు కాదు, ఆమెకు కొలువు" అన్నాను.

"పెట్టెతోనే దించుతారు కదమ్మా" అన్నాడు.

"దించరు. ఆమెకు కొలువు."

మా నాయన, "నలుగురిలో నవ్వులపాలు చేయొద్దుమే, గమ్మునుండు" అన్నాడు. "పురికొస బీరతీగకు కట్టింది నేనే నాయనా. ఈ తాడునన్నా సరిగ్గా కట్టనీ" అన్నాను. ఆయనకు గుర్తొచ్చింది. ముఖం పక్కకు తిప్పుకున్నాడు. తవ్వే మనిషి తాడును పెట్టెలోకి దించి, ఆమె తల దగ్గర నుంచి మడమ దాకా చాచి, ముడి వేశాడు. గొయ్యి ఆ ముడికే తవ్వాడు, బెత్తెడు అటూ ఇటూ లేకుండా. మా ఊళ్ళో ఆమె కొలత తీసుకుని చేసిన పని అదొక్కటే.

పోయిన వారం, అత్తకు ఉత్తరం రాసిపెట్టిన ఆ డ్రైవరు ఉమ్ సలాల్ నుంచి అంగడి ఫోనుకు చేశాడు. ముసలామె తొట్టి దగ్గరికి పోవడం మానేసిందట, రెండో కుర్చీ తీయనివ్వడం లేదట. శ్రీలంక నుంచి కొత్త వంటామె వచ్చిందట, బాగా పొడుగు. గట్టు ఎత్తు పెంచమని అడిగితే ముసలామె మాఫీ, లేదు పో, అనేసిందట. ఆ కొత్తామె చేసిన పాపమేమీ లేదు, ఆమె నడుం కూడా నడుమే. అది నాకు తెలుసు. అయినా ఫోను పెట్టేసి వచ్చినప్పటి నుంచి నా కళ్ళ ముందు ఒకటే కనిపిస్తోంది. ఆ వంటింట్లో, తొడల దాకా వచ్చే ఆ గట్టు దగ్గర, ఒక పొడుగు మనిషి నడుం రెండుగా వంచి ఉల్లిపాయలు తరుగుతోంది.