మెత్తటి సీటు

బండి సీటు మీద మనిషి ఏ అవయవంతో కూర్చుంటాడో నాకు తెలియక కాదు. అయినా కొనేటప్పుడు మాత్రం బొటనవేలితో ఎంచుకున్నాను. ఉప్పల్‌లో మెట్రో స్తంభాల పక్కన ఒక సీటు కవర్ల దుకాణం ముందు నిలబడి, జామకాయలు నొక్కినట్టు ఒక్కో సీటునూ నొక్కి, ఏది ఎక్కువ లోపలికి దిగితే అదే గొప్పదని తేల్చుకున్నాను. ఇంత తెలివి ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. పెద్దగా వాడకపోవడం వల్ల నిలవున్నదే అయ్యుండాలి.

సీటు మార్చాల్సిన అవసరం ఎందుకొచ్చిందంటే, నా సీటుకే ఎసరొచ్చింది కాబట్టి. నేను పనిచేసే మందుల కంపెనీ నాచారంలో ఉండేది. ఇంట్లోంచి టిఫిన్ డబ్బా పట్టుకుని నడిచి వెళ్ళేవాణ్ణి. ఆ స్థలంలో మాత్రలకంటే అపార్ట్‌మెంట్లు బాగా అమ్ముడవుతాయని యజమానులకు తోచింది. మమ్మల్ని తీసేస్తే నష్టపరిహారం ఇవ్వాలి. అందుకని తీసేయలేదు, జరిపారు. చౌటుప్పల్ దాటి, హైవే నుంచి లోపలికి పోయాక ఉన్న ఇంకో ప్లాంటుకు బదిలీ చేశారు. రానూపోనూ వంద కిలోమీటర్ల పైమాట. కంపెనీ బస్సు ఉంది కానీ బదిలీ మీద వచ్చినవాళ్ళకు అందులో సీట్లు లేవన్నారు. రోడ్డు మీద తిరిగి తిరిగి నడుము విరిగి మేమే రాజీనామా రాసిస్తామని వాళ్ళ ఆశ. రాసిస్తే మాకేమీ రాదు. రాయకపోతే ఏదో ఒకనాడు వాళ్ళే మమ్మల్ని కూర్చోబెట్టి లెక్క తేల్చాలి.

చాలామంది మొదట్లోనే సంతకాలు పెట్టి వెళ్ళిపోయారు. ప్యాకింగ్ సెక్షన్‌లో మిగిలింది నేనూ, ఇంకొకాయనా. మాకు చుట్టరికం లేదు. అయినా ఆయన నన్ను బావ అనేవాడు, నేనూ ఆయన్ని బావ అనేవాణ్ణి. నాకంటే పెద్దవాడు. కంటి ఆపరేషన్ అయ్యాక బండి నడపడం మానేశాడు కాబట్టి నా వెనకాలే వచ్చేవాడు.

కొత్త ప్లాంటులో మాకు పని ఇవ్వలేదు. కుర్చీ కూడా ఇవ్వలేదు. "మీ సీటు ఇంకా అలాట్ కాలేదండీ, కొంచెం ఓపిక పట్టండి" అన్నాడు హెచ్.ఆర్. మేనేజరు. కుర్రవాడు. గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఆయన గది ముందున్న వరండాలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గోడకు ఆనుకుని నిలబడేవాళ్ళం. బండి మీద కూర్చుని కూర్చుని నొప్పి, వరండాలో నిలబడి నిలబడి నొప్పి. వెన్నుపోటు అనే మాటను అప్పటిదాకా పేపర్లలోనే చదివాను.

నా పాత సీటులో స్పాంజి ఎప్పుడో పొడైపోయింది. అందుకే ఆ ఆదివారం ఉప్పల్ వెళ్ళాను.

"లాంగ్ పోతవా అన్న?" అని అడిగాడు దుకాణం అతను.

"రోజు పోతా."

"అయితే గిది తీస్కో. డబుల్ స్పాంజి. మస్తు మెత్తగుంటది. కూసున్నవంటె లెవ్వబుద్ధి గాదు."

నొక్కాను. వేలు కణుపు దాకా దిగింది. ఇంకేం చూడాలి? బిగించుకుని ఇంటికొస్తే మా ఆవిడ దాన్ని చుట్టూ తిరిగి చూసింది.

"సోఫా కొనుమంటె ఇన్నేండ్ల సంది కొనలే. బండికి కొన్నవ్."

"నడుస్తుంది కదా, అదనపు లాభం" అన్నాను.

మర్నాడు హయత్‌నగర్ దాకా మబ్బు మీద వెళ్ళినట్టే ఉంది. అబ్దుల్లాపూర్‌మెట్ వచ్చేసరికి మబ్బు అణగడం మొదలైంది. చౌటుప్పల్ చేరేసరికి స్పాంజి మొత్తం చప్పబడి, కిందున్న గట్టి పలక నా ఎముకలతో పరిచయం చేసుకుంది. దుకాణంలో రెండు నిమిషాలు కూర్చున్నప్పుడు హాయిగా అనిపించిన మెత్తదనమే దూరం వెళ్ళాక పనికిరాకుండా పోతుందని అప్పుడు అర్థమైంది. నా పరిస్థితే నయం. సీటు వెనక భాగం ముందుకు వాలుగా ఉంది. బ్రేకు వేసినప్పుడల్లా బావ నా మీదకు జారి, మళ్ళీ వెనక్కి జరిగి, పలక అంచు మీద కూర్చునేవాడు.

"బావ, నువ్వు కొన్నది పరుపన్నవ్ గదా?"

"పరుపే."

"మరి నాకు పలక తగుల్తుందేంది?"

"కొత్తది గదా బావ. నాలుగు రోజులైతె సెట్ అయితది."

అప్పుడే దుకాణానికి తిరిగి వెళ్ళి ఉండాల్సింది. వెళ్ళలేదు. సోఫా మాట అనిపించుకున్న మనిషిని, వారం తిరక్కుండా ఆ సీటు బాగాలేదని ఆవిడకు ఏ మొహంతో చెప్పను? సీటు సెట్ కాలేదు. మేమే దానికి సెట్ అవుతున్నామనుకున్నాను.

వానాకాలం మొదట్లో ఒక సాయంత్రం ఉప్పల్ దాకా వచ్చేశాం. ఫ్లైఓవర్ పనులకు తవ్విన చోట నీళ్ళు నిలిచి రోడ్డేదో గుంతేదో తెలియడం లేదు. ముందు చక్రం దిగి లేచింది. వెనక చక్రం దిగినప్పుడు బావ గాల్లోకి లేచి, అదే పలక అంచు మీద పడ్డాడు. అరవలేదు. నా భుజాన్ని గట్టిగా పట్టుకుని, ఊపిరి బిగబట్టి, "జర ఆపు బావ" అన్నాడు.

దిగి, నడుము మీద చెయ్యేసుకుని నిలబడ్డాడు. మళ్ళీ ఎక్కబోయాడు కానీ కూర్చోలేకపోయాడు.

"ఆటో పిలుస్త."

"ఆటోల గూడ కూసోవాల్నే గదా. నడుస్త తియ్."

నాచారం దాకా వానలో ఆయన చిన్నగా నడుస్తుంటే, నేను బండి తోసుకుంటూ పక్కన నడిచాను. దారంతా గుంతలను తిట్టాడు, కాంట్రాక్టర్లను తిట్టాడు. సీటును ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

దవాఖానాలో ఎక్స్‌రే తీసి, వెన్నెముక చివరి ఎముక చిట్లిందన్నారు. నెలల తరబడి కూర్చోకూడదన్నారు, బండి మాట అసలే ఎత్తొద్దన్నారు. కంపెనీవాళ్ళు సెలవు ఇవ్వలేదు. మేనేజరు ఫోన్ చేసి, "మీ ఆరోగ్యం ముఖ్యం కదండీ, ఎందుకింత స్ట్రెయిన్" అన్నాడట. మర్నాడు రాజీనామా కాగితంతో మనిషిని ఇంటికి పంపించాడు. నేను చూడటానికి వెళ్ళేసరికి బావ బోర్లా పడుకుని, దిండు మీద కాగితం పెట్టుకుని సంతకం చేస్తున్నాడు.

"ఆగు బావ, ఇంకొన్ని రోజులు సూద్దాం" అన్నాను.

"నువ్వు సూడు. నాకు ఇట్ల పండుకుంటె దిండు తప్ప ఏం కనబడ్తలేదు" అన్నాడు.

ఇప్పుడాయన ఒక సూపర్‌మార్కెట్ గేటు దగ్గర నిలబడి, బయటికి వెళ్ళేవాళ్ళ బిల్లులు చూస్తాడు. నిలబడే ఉద్యోగం దొరకడం అదృష్టమంటాడు.

ఆ సంతకం అయ్యాక ఉప్పల్ వెళ్ళాను. దుకాణం అతను నన్ను గుర్తుపట్టాడు.

"గట్టి స్పాంజి లేదా నీ దగ్గర?" అన్నాను.

"ఉంటది అన్న. ఎవ్వరడుగుతరు? అందరు మెత్తగనే అడుగుతరు. నేను గదే ఇస్త."

గట్టి స్పాంజి పెట్టించి, వెడల్పు చేయించి, వెనక వాలు తీయించాను. బిగించాక బండిని స్టాండు మీద నిలబెట్టి, దుకాణం ముందే ఎక్కి కూర్చున్నాను. ఇక్కడి నుంచి చౌటుప్పల్ చేరడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ కదల్లేదు. ఆలోపు అతను ఇద్దరు ముగ్గురు గిరాకీలను పంపించి, చాయ్ తాగి, తిరిగొచ్చాడు.

"అన్న, సీటు కొంటున్నవా, కిరాయికుంటున్నవా?"

ఎక్కగానే చెక్క బల్లలా ఉన్న సీటు చివరికి వచ్చేసరికీ అలాగే ఉంది. దిగజారలేదు. అప్పుడు దిగి డబ్బులిచ్చాను. అదే నన్ను ఈ వేళ దాకా మోస్తోంది. వెనక బావ కూర్చునే చోట టిఫిన్ డబ్బా, రెయిన్ కోటు కట్టుకుంటున్నాను.

మొన్నీమధ్య పార్కింగ్‌లో బండి ఆపుతుంటే మేనేజరు వచ్చాడు. ఆయన ఈమధ్య పెద్ద బండి కొన్నాడు, సెలవుల్లో దూరాలు తిరుగుతున్నాడు. నా సీటును చేత్తో తట్టి చూశాడు.

"ఇది చాలా హార్డ్‌గా ఉందేంటండీ?"

"గతిలేక సర్."

"ఈ వీకెండ్ శ్రీశైలం వెళ్తున్నాను. బండితో వచ్చిన స్టాక్ సీటు అంత కంఫర్ట్‌గా లేదు. రోజూ ఇంత దూరం వస్తారు కదా, మీకైతే తెలుస్తుంది. మంచిది ఎక్కడ వేయించుకోవాలి?"

వెనక కట్టిన టిఫిన్ డబ్బా విప్పుతూ అడిగాను.

"మీ వెనక ఎవరన్న కూసుంటరా సర్?"

"లేదండీ. ఎప్పుడూ సోలోనే."

"ఎవ్వరు గూడ కూసోరా? మేడమ్ గిట్ల?"

"అస్సలు కూర్చోదు. తనకు బండి అంటేనే భయం."

అప్పుడు ఉప్పల్ దుకాణం గుర్తులు చెప్పాను. డబుల్ స్పాంజి అడగమన్నాను. దాని మీద ఇంకో పొర కూడా వేయించుకోమన్నాను. ఎంత మెత్తగుంటే అంత సుఖమని చెప్పాను. ఆయన ఫోన్‌లో రాసుకుని, చాలా థాంక్సండీ అన్నాడు.

సోమవారం ఆయన ఆలస్యంగా వచ్చాడు. తన గదిలోకి వెళ్ళి, కుర్చీ దాకా పోయి, దాని వీపు పట్టుకుని కాసేపు ఆలోచించి, ఫైలు తీసుకుని వరండాలోకి వచ్చాడు. నాకు కొంచెం దూరంలో గోడకు ఆనుకుని కాగితాలు తిప్పడం మొదలుపెట్టాడు.

"కూసోండి సర్" అన్నాను.

పర్లేదన్నాడు. లంచ్ గంట కొట్టేదాకా ఇద్దరం నిలబడే ఉన్నాం.