జేజికి చికోరీ పరీక్ష

ఆ రోజుల్లో మా తోటపల్లి గూడూరు వైపు ఒక ఇంటి పరువు ఎంతటిదో ఆ ఇంటి డికాషన్ చెప్పేది. చవగ్గా వస్తుందని అందులో చికోరీ కలిపేవాళ్లు ఉన్నారు గాని, ఒప్పుకునేవాళ్లు లేరు. నేను నెల్లూరు కాలేజీలో బీయస్సీ వెలగబెడుతున్నాను (ఎదుటివాళ్లు నోరు తెరవకముందే జవాబు చెప్పే విద్య మాత్రం కాలేజీలో నేర్చింది కాదు). వేసవి సెలవులకు ఇంటికొచ్చేసరికి మా జేజి, అంటే నాన్నగారి అమ్మ, అన్నం మానేసి కూర్చుని ఉంది. గుండెదడకీ నిద్ర పట్టకపోవడానికీ కాఫీయే కారణమనీ, మానక తప్పదనీ డాక్టరు అన్నాడట. కాఫీ లేకపోతే కూడూ వద్దని ఆవిడ పట్టు.

జేజిని బతికించే భారం నా మీదే పడిందని ఒళ్లంతా ఉత్సాహం పొంగింది. "చికోరీ అంటే ఒక వేరు జేజీ. వేయించి పొడి కొడతారు. దడ పుట్టించే సరుకు అందులో లేదు. జీర్ణానికి కూడా మంచిదంట."

"వేరు కషాయం తాగేదానికి నేనేమన్నా బాలింతనా? గుక్క నోట్లో పడితే చాలు, పట్టేస్తా."

"పట్టలేవు."

"పడితే?"

"సెలవులన్నాళ్లూ నోరెత్తను." (అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. మా ఇంట్లో ఇంత పెద్ద పందెం ఎవరూ కాయలేదు.) "నువ్వు ఓడిపోతే అన్నం తిని, చికోరీయే తాగాల."

"తాగతా. మంచిదని చెప్పినోళ్లు కూడా నాతోపాటు అదే తాగాల."

ఆవేశంలో సరేనన్నాను. నెల్లూరు వెళ్లి, కాఫీగింజలు మర పట్టే అంగట్లో ఉత్త చికోరీ అడిగితే, అంగడాయన నన్ను జాలిగా చూశాడు. మర్నాడు రెండు ఫిల్టర్లు పెట్టాను. చికోరీకి చిల్లులు పూడుకుపోయి, డికాషన్ తారులా బొట్టుబొట్టుగా దిగింది. జేజి కళ్లకు అమ్మ తువ్వాలు కట్టింది. మొదటి గ్లాసులోని అసలు కాఫీకి జేజి మూతి ముడిచింది. రెండోదానికి పెదవులు చప్పరించి, "కాఫీ అంటే ఇదే. ఎంత చిక్కగా ఉందో. ఆ మొదటిది వేన్నీళ్లు" అని తీర్పు చెప్పింది.

నేను ఎగిరిన ఎగురుకి పీట తిరగబడింది.

జేజి మాట తప్పలేదు. అన్నం తిన్నది, దడ తగ్గింది, హాయిగా గురక కూడా మొదలైంది. నాకు మాత్రం కాఫీ లేక తల పగిలిపోయేది. పైగా మధ్యాహ్నానికల్లా కడుపు గుడగుడలాడేది. జేజి చెవి రిక్కించి వినేది. "ఏందే అమ్మే, జీర్ణానికి మంచిదంటివే. కడుపులో ఎడ్లబండి తోలతా ఉండావా?"

ఇన్నేళ్లకు, మొన్న డాక్టరు నన్నూ కాఫీ మానమన్నాడు. వాదించి ఓడిపోయాను. నిన్న ఫిల్టరులో చికోరీ అదే తారులా దిగింది. తువ్వాలు కట్టుకుని ఎదురుగా కూర్చోవడానికి జేజి లేదు. గ్లాసెడు తాగి, కడుపులో ఎడ్లబండి కదిలేదాకా ఆగి, ఒక్కదాన్నే నవ్వుకున్నాను.