ట్యాంకర్ల వరుసకు కొత్త వెర్షన్ ఎక్కించిన రోజు

మార్కాపురంలో ఒక పెళ్ళింటిని చుక్క నీళ్ళు లేకుండా కూర్చోబెట్టి, మా వీధి ఆడవాళ్ళందరి చేతా ఒకేసారి తిట్లు తిన్న ఘనత నాది. అదీ నీళ్ళ ట్యాంకర్లు నడిపే ఇంటి ఆడపిల్లనై ఉండి! ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. మీరు నవ్వుకోండి, అభ్యంతరం లేదు. నేను మాత్రం పళ్ళు నూరుకుంటూనే చెబుతాను.

మా వైపు ఎండాకాలం ఎలా ఉంటుందో తెలియనివాళ్ళకు ఒక మాట. మాకు పెళ్ళంటే ముహూర్తం కన్నా ముందు ట్యాంకర్ ఖాయం చేసుకోవాలి. పెళ్ళికొడుకు ఆలస్యమైతే సర్దుకుంటారు, ట్యాంకర్ ఆలస్యమైతే చుట్టరికాలు తెగిపోతాయి. ఇక వరుస గురించి చెప్పనే అక్కర్లేదు. వీధిలో ఖాళీ డ్రమ్ము పెట్టి పోయారంటే అక్కడ మనిషి నిలబడినట్టే లెక్క. దాన్ని జానెడు పక్కకు జరిపినవాడి ఏడు తరాలనూ తిట్టే హక్కు డ్రమ్ము సొంతదారుకు ఉంటుంది.

మా నాయనకు తర్లుపాడు రోడ్డులో ఒక బోరు, రెండు ట్యాంకర్లు ఉన్నాయి. ఎవరికి ముందు, ఎవరికి వెనక అనే తగాదాతో ఆయన ఫోనూ బుర్రా ఎప్పుడూ వేడెక్కి ఉండేవి. ఇంజనీరింగ్ చదివి ఇంట్లో ఖాళీగా ఉన్న నేను ఆ తగాదా తీర్చేస్తానని బయలుదేరాను. పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ఒక ప్రోగ్రాం రాశాను. నీళ్ళు కావలసినవాళ్ళు ఒక నంబరుకు మెసేజ్ పెడతారు. ముందు అడిగినవాళ్ళకు ముందు. ఎవరింటికి పోవాలో డ్రైవర్ల ఫోన్లకు అదే చెబుతుంది. మూతపడిన నెట్ సెంటర్ నుంచి తెచ్చిన ముసలి కంప్యూటర్ మీద అది నిక్షేపంలా నడిచింది. డ్రైవర్లను నిలబెట్టి గట్టిగా చెప్పాను కూడా: "కంప్యూటర్ ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోండి. ఎందుకు, ఏంది అని నాకు ఫోన్లు చేయొద్దు."

ఆ తెలివితక్కువ మాట అన్నది నేనే. ఇప్పుడు దొరికితే ఆ పిల్లకు రెండు తగిలించేదాన్ని.

పక్క వీధిలో బట్టల దుకాణం ఖాజా మామ ఉంటాడు. ఆయన కూతురు షబానా నిఖా శుక్రవారం. ఆ శుక్రవారానికి అందరికన్నా ముందు మెసేజ్ పెట్టింది ఆయనే. రెండు ట్యాంకర్లూ ఆయనింటికే మొదట పోవాలి. ఆ శుక్రవారం పొద్దున నాయన మోటారు పనిమీద పెద్దారవీడు పోతూ గడప దగ్గర ఆగాడు.

"ఖాజా ఇంటికి నీళ్ళు పోయేది చూసుకోమ్మా. వంటకీ, నమాజు ముందు వజూకీ, అన్నిటికీ మనమీదనే ఆధారపడి ఉన్నాడు."

"కంప్యూటర్ ఉంది కద నాయనా! అదే చూసుకుంటుంది."

"అది సరే. నువ్వు చూసుకో."

ఆయన అటు వెళ్ళాడో లేదో, నా ఫోనులో మా కాలేజీ గ్రూపు మోగింది. పైథాన్ కొత్త వెర్షన్ వచ్చిందట. పాతదానికన్నా బాగా వేగమట. ఒకతి నన్నే అడిగింది, "ఏమే, నువ్వింకా ఆ పాతకాలందే పట్టుకుని వేలాడుతున్నావా?" అని. అంతే, నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. మీరే చెప్పండి, గుంతల రోడ్డు మీద ఎద్దుబండిలా పాకే ట్యాంకర్‌కు వరుస రెప్పపాటులో తేలకపోతే కొంపలు మునుగుతాయా? మునగడానికైనా నీళ్ళుండాలి కదా మాకు!

కొత్త వెర్షన్‌తో పాటు అందులో ఏమేం మారాయో చెప్పే పెద్ద వివరణ ఇచ్చారు. వేగం గురించిన మొదటి పేరా చదివి పరవశించాను. ఏయే కంప్యూటర్ల మీద నడుస్తుంది, పాతవాటిలో ఏమేం తీసేశారు అన్నవి కింద ఉన్నాయి. పెళ్ళిపత్రికలో భోజనాలు ఎక్కడో చూసుకుని మిగతాది పక్కన పడేసేవాళ్ళుంటారే, నేను ఆ జాతి. చదవలేదు. ముసలి కంప్యూటర్‌లోంచి పాత వెర్షన్‌ను తుడిచేసి కొత్తది ఎక్కించబోయాను.

ఎక్కనంది. ఈ పాత విండోస్ మీద నేను నడవనని మొహం మీదే చెప్పేసింది.

అప్పటికైనా పాతదాన్ని మళ్ళీ దింపుకుని పెట్టుకుంటే కథ అక్కడితో అయిపోయేది. కానీ నాకు కోపం వచ్చింది. ఒక ముసలి డబ్బా నన్ను కాదంటుందా? "నువ్వు కాకపోతే ఇంకోటి!" అని దాని తీగలు పీకి, ప్రోగ్రాంతో సహా అన్నీ తెచ్చి నా లాప్‌టాప్‌కు తగిలించాను. అందులో కొత్త వెర్షన్ హాయిగా ఎక్కింది. ప్రోగ్రాం నడిపితే మాత్రం తెరనిండా ఎర్రక్షరాలు. వరుస పెట్టడానికి నేను వాడిన పాత పద్ధతిని కొత్త వెర్షన్‌లో తీసేశారు. తీసేస్తామని ముందునుంచీ హెచ్చరికలు వస్తూనే ఉన్నాయి. చికాగ్గా ఉన్నాయని అవి కనపడకుండా చేసిందీ నేనే.

మళ్ళీ కోపం. ఆ కోపంలోనే వరుస పెట్టే ముక్కను తిరగరాశాను. పరీక్షించడానికి మా ఇంటి పేరున రెండు ట్యాంకర్లు అడిగాను. అందరికన్నా పైన మా ఇల్లు కనిపించింది. "నడిచింది!" అని గంతులేశాను. అందరికన్నా చివర అడిగిన ఇల్లు అందరికన్నా పైకి ఎట్లా వచ్చిందని బుర్రున్నవాళ్ళెవరైనా ఆగి చూస్తారు. నేను ఆగలేదు. పరీక్షకు పెట్టిన మెసేజ్ కూడా తీసేయకుండా ప్రోగ్రాంను దాని దారిన వదిలేసి, పెళ్ళికి ఏ చీర కట్టుకోవాలా అని బీరువా తెరిచాను.

చీర మడత విప్పుతుంటే వీధిలో హారన్లు మోగాయి. బయటికొచ్చి చూస్తే మా గుమ్మం ముందు ఒకదాని వెనక ఒకటి రెండు ట్యాంకర్లు.

"శీనన్నా, ఇక్కడికెందుకొచ్చినావు? ఖాజా మామ ఇంటికి కదా పోవాల్సింది!"

ముందు ట్యాంకర్ డ్రైవర్ శీనన్న తాపీగా దిగాడు. "మెసేజ్ వచ్చింది, వచ్చినాం. ఎందుకు, ఏంది అని అడగొద్దంటివి కద పాపా!"

"సరే సరే, తిప్పు!"

"ఏడ తిప్పేది? ఎనక్కి చూడు."

చూశాను. ట్యాంకర్ చప్పుడు వినపడ్డాక మా వీధిలో ఎవరూ ఇంట్లో ఉండరు. ముందూ వెనకా సందంతా డ్రమ్ములే, డ్రమ్ముల పక్కన బిందెలే, బిందెల పక్కన నడుం మీద చేతులు పెట్టుకున్న ఆడవాళ్ళే. అందరిలోకీ పెద్దది రమణమ్మవ్వ.

"ఏందే పిల్లా, నాలుగు దినాల నుంచి నేను ఆ కంప్యూటర్‌కు మెసేజ్ పెట్టిస్తా ఉంటే నాకు రాలేదు. మీ ఇంటికి రెండొచ్చినాయా?"

"కాదవ్వా, అది వెర్షన్ మారి..."

"ఏం మారిందో మాకు కనపడతనే ఉండాదిలే! వరుస మారింది!"

"నీళ్ళు మీయి, బోరు మీది, ఇంక మేమెందుకు?" అని వెనకనుంచి ఇంకొకామె అందుకుంది. మా వీధిలో వరుస తప్పడం దొంగతనం కన్నా హీనం. ఎంత అరిచి చెప్పినా నా మాట ఎవరూ వినలేదు. నిజానికి నా మీద నాకున్న కోపంతో నేనూ వాళ్ళ మీదే అరుస్తున్నాను.

అంతలో ఖాజా మామ స్కూటర్ వచ్చి సందు మొదట్లో ఆగింది. కొత్త బట్టలు చెమటకు తడిసి ఒంటికి అతుక్కుపోయాయి.

"ఏమైందమ్మా? బియ్యం నానబెట్టేదానికి నీళ్ళు లేక వంట చేసే బాబర్చీ చేతులు ముడుసుకుని కూర్చున్నాడు. గిద్దలూరు నుంచి పెళ్ళోళ్ళు వచ్చేసినారు. కాళ్ళు కడుక్కునేదానికి చెంబుడు ఇయ్యలేకపోయినాను. నా పరువు పోయిందమ్మా!"

ఆయన నన్ను ఒక్క తిట్టు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆ మాట విన్నాక నాకు ఏడుపు ఆగలేదు. "తప్పంతా నాదే మామా! కంప్యూటర్‌ది కాదు, శీనన్నది కాదు. ముందు అడిగింది నువ్వే, నీకే మొదట రావాలి" అని అందరి ముందూ ఏడ్చేశాను.

రమణమ్మవ్వ నన్నూ చూసింది, ఖాజా మామనూ చూసింది. తర్వాత తన నీలం డ్రమ్మును కాలితో ఒక్క తన్ను తన్నింది. అది దొర్లుకుంటూ పోయి గోడకు తగిలింది.

"ఏంది చూస్తా ఉండారు? తియ్యండే డ్రమ్ములు! ఆడ ఆడపిల్ల పెళ్ళి జరగాల. దీన్ని తర్వాత తిడదాం, యాడికీ పోదు!"

వరుసలో తన చోటును తనంతట తాను వదులుకున్న మనిషిని మా వీధిలో నేను అదే మొదటిసారి చూడటం. ఆమె వెనకాల అందరూ వదులుకున్నారు, నన్ను తిట్టడం మాత్రం ఆపకుండా. ఒక్కో డ్రమ్మూ ఈడ్చి గోడకు చేర్చే పని నాదే అయింది. ట్యాంకర్లు వెనక్కి వెనక్కి నడిచి సందు దాటాయి. వాటి వెనకే నేనూ పెళ్ళింటికి పరుగెత్తాను. మున్నీ అత్త, అంటే పెళ్ళికూతురి అమ్మ, నన్ను చూడగానే చేతికి బిందె ఇచ్చింది. కట్టుకోవాలనుకున్న చీర బీరువాలోనే ఉండిపోయింది.

బిర్యానీ ఆలస్యమైనా నిఖా సమయానికే జరిగింది. పెద్దారవీడు నుంచి వచ్చిన నాయనకు సంగతంతా దారిలోనే తెలిసింది. నీళ్ళ గ్లాసు నా ముందుకు జరిపి, నా పక్కనే కూర్చుని భోంచేశాడు. నన్ను నేను తిట్టుకుంటూ ముక్క నములుతున్నాను. అప్పుడు ఖాజా మామ చేతిలో ఫోనుతో, మొహంలో ఇంత నవ్వుతో వచ్చాడు.

"అమ్మా, కంప్యూటర్ చదివినదానివి నీకే తెలస్తాది. ఈ ఫోన్లో కొత్త వెర్షన్ వచ్చిందంట. ఎక్కించమని అడగతా ఉంది. ఎక్కించేదా?"

నేను నోరు తెరిచేలోపే మా నాయన, శీనన్న, రమణమ్మవ్వ, మున్నీ అత్త, గరిటె పట్టుకున్న బాబర్చీతో సహా పందిట్లో ఉన్నవాళ్ళంతా లేచి నిలబడి ఒక్క గొంతుతో అరిచారు: "వద్దు!"

ఆ అరుపు చెవుల్లో మోగుతుండగానే, ఎంగిలి చెయ్యి గాల్లోకెత్తి నేను ప్రమాణం చేశాను. నడుస్తున్న ప్రోగ్రాంను ఎవరింటా పెళ్ళి ఉన్న రోజున ముట్టుకోను. మారినవేంటో చివరి అక్షరం దాకా చదవకుండా కొత్త వెర్షన్ ఏదీ ఎక్కించను. ఈ ప్రమాణం ముసలి కంప్యూటర్ మీదా, కొత్త లాప్‌టాప్ మీదా, ఫోను మీదా, ముఖ్యంగా నా కోపం మీదా ఒకేలా పనిచేస్తుంది. దీనికి కొత్త వెర్షన్ రాదు.