వేదికెక్కి కూర్చున్న గౌను

ఆ రోజుల్లో అంటే సెల్‌ఫోన్లు లేని రోజులనుకునేరు, మొన్నమొన్నటి మాటే. విజయవాడలో ఫ్యాషన్ డిజైనింగ్ డిప్లొమా చేసి తిరువూరు తిరిగొచ్చిన కొత్తలో, లోకంలో అందరూ బట్టలు తప్పుగానే కట్టుకుంటున్నారని నా గట్టి నమ్మకం. (ఆ నమ్మకంతోనే అమ్మ చీర కుచ్చిళ్ళు సర్దబోయి చేతి మీద ఒకటి వేయించుకున్నాను.) నాన్న మాత్రం "నీ కుట్టుపనితో బతకొచ్చని ఒక్క ఆధారం చూపించు. లేదంటే దసరా వెళ్ళాక బ్యాంకు కోచింగే" అని తేల్చేశారు. సరిగ్గా అప్పుడే మా ఊళ్ళో ఒక క్లబ్బువాళ్ళు 'సస్టైనబుల్ ఫ్యాషన్‌లో వర్ధమాన డిజైనర్లకు గుర్తింపు, ప్రోత్సాహం' అని బ్యానరు కట్టారు. మొదటి బహుమతి కుట్టుమిషను, బస్టాండు దగ్గర ఆర్నెల్లపాటు అద్దె లేని గది. ఆ గది దొరికితే కోచింగు తప్పుతుంది. సస్టైనబుల్ అంటే ఏంటని అమ్మ అడిగితే, పాత బట్టలు పారెయ్యకుండా మళ్ళీ వాడటమని చెప్పాను. "మీ అన్నయ్య నిక్కర్లు నీకు తొడిగి పెంచినందుకు నాకేమన్నా ఇస్తారేమో కనుక్కో" అంది.

పాత బట్టల కోసం వెతుకుతుంటే పెదనాన్న బీరువా గుర్తొచ్చింది. ఆయన రిటైరైన తెలుగు మాష్టారు. మా వైపు సభంటూ జరిగితే పెద్దవాళ్ళకి శాలువా కప్పాల్సిందే. దాన్ని కప్పుకునేంత చలి మా ఊరికి ఏ కాలంలోనూ రాదు కాబట్టి, అవి కవర్లు విప్పకుండానే బీరువాల్లో ముసలివైపోతుంటాయి. పెదనాన్న తలుపు తియ్యగానే కలరా ఉండల వాసనతోపాటు ఒక శాలువాల గుట్ట నా మీదికి జారింది. "తీసుకోవే అమ్మడూ. కానీ కత్తెర పెట్టడానికి వీల్లేదు. ఒక్కో శాలువా వెనక ఒక్కో సభ ఉంది. ముక్క చేశావంటే ఆ సభ జరగనట్టే" అన్నారు. కత్తెర లేకుండా గౌను కుట్టడమంటే గరిటె లేకుండా వంట చెయ్యడమే. అయినా తప్పదు కదా! నిండు శాలువాల్నే మడతలు పెట్టి, దారం లాగితే ఊడొచ్చేలా పొడుగు కుట్లు వేసి, ఒకటి కాలరు, రెండు చేతులు, ఒకటి నడుము, మిగిలినవన్నీ కింద కుచ్చులుగా గౌను నిలబెట్టాను. పిన్ని కూతురు చిట్టి చుడీదారు మీద అది తొడుక్కుని "అక్కా, ఇన్ని కప్పేశావు, నేను బతికే ఉన్నానా?" అని అడిగింది.

పోటీ ఆదివారం, కల్యాణ మండపంలో. వినగడప కుర్రాడొకడు యూరియా సంచులతో కోటు కుట్టాడు, నడుస్తుంటే బరబరమంటోంది. విస్సన్నపేట అమ్మాయి మామిడికాయలకి తొడిగే కాగితం కవర్లతో లంగా చేసింది, తను కూర్చోవడానికి లేదు. మమ్మల్ని వేదిక పక్క గదిలో నిలబెట్టి, ముందు అతిథుల సన్మానం మొదలుపెట్టారు. క్లబ్బు ప్రెసిడెంటుని ఊళ్ళో మైకు బాబాయి అంటారు (ఒకసారి పట్టుకుంటే కరెంటు పోయేదాకా వదలడు). పిలిచింది పోటీకి జడ్జిగా ఒక మేడంనీ, ఇంకొకాయన్నీ, తెచ్చింది రెండే శాలువాలు. ఆ ఒకాయన నలుగురిని వెంటేసుకొచ్చాడు, ఆ నలుగురి పరువు చూసి ముందు వరసలోవాళ్ళనీ పైకి పిలవాల్సొచ్చింది. ఒకరికి కప్పి పక్కవారికి కప్పకపోతే పెళ్ళి పిలుపులు కూడా ఆగిపోతాయి మా దగ్గర. ఆదివారం కదా, శాలువాల కొట్టు మూసేశారు. మైకు బాబాయి చెమటలు కక్కుతూ మా గదిలోకొచ్చి చిట్టిని చూశాడు. ఆ చూపు ఇప్పటికీ మరిచిపోలేను.

"ఒక్కటియ్యవే తల్లీ, ఫంక్షనవ్వగానే తెచ్చిస్తా. పెద్దమనిషి కుర్చీలో చూస్తున్నాడు."

"బాబాయ్, అది శాలువా కాదండీ, ఎడమ చెయ్యి!"

గుమ్మంలో ఉన్న పెదనాన్న "అతిథికి లేదనకూడదే" అన్నారు. దారం లాగాను. ఎడమ చెయ్యి వెళ్ళి రైసుమిల్లు ఆయన భుజానెక్కింది. తర్వాత కుడి చెయ్యి ఆయన పక్కాయనకి, కాలరు గుడి పూజారిగారికి, నడుము రెడ్డిగూడెం మామిడి వ్యాపారికి వెళ్ళాయి, కుచ్చులు ఒక్కొక్కటీ వరసగా వెళ్ళాయి. చివరి కుచ్చు పెదనాన్నకే కప్పారు. తన బీరువాలో శాలువాకే "అబ్బే, నాకెందుకండీ" అంటూ తల వంచి మరీ కప్పించుకున్నారు. చిట్టి చుడీదారుతో మిగిలింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. కళ్ళ ముందు బ్యాంకు కోచింగు పుస్తకాలే.

తీరా నా పేరు పిలిచాక జడ్జి మేడం "నీ డిజైన్ ఏదమ్మా?" అంది. "మీ పక్కన కూర్చుందండీ" అన్నాను. ఆవిడ అటూ ఇటూ చూసి, నవ్వాపుకుంటూ "అయితే నడిపించు" అంది. అతిథుల్ని బతిమాలి చిట్టి చుట్టూ నిలబెట్టబోతే రభస మొదలైంది. "ఆయన కాలరూ, నేను కాళ్ళ దగ్గరా? మమ్మల్నేమనుకున్నావమ్మాయ్?" అని ఒకాయన లేచాడు. పూజారిగారు "పోనీ నేను కిందికొస్తానండీ" అంటే, "మీరొస్తే మాకు పాపం" అని ఇంకొకాయన అడ్డుపడ్డాడు. పెదనాన్న గొంతు సవరించుకుని "కుచ్చులే గౌనుకి పునాదయ్యా, అవి లేకపోతే కాలరు దేనిమీద నిలుస్తుంది?" అని వెళ్ళి కింద చేరారు. అంతే, అందరూ కుచ్చులవుతామనేవాళ్ళే, కాలరుకి మనిషి కరువు! మొత్తానికి చిట్టిని మధ్యలో పెట్టుకుని, ఒకరి కొంగు ఒకరు పట్టుకుని, సన్నాయి రికార్డు మీద ఆ పెద్దలంతా ర్యాంపు మీద అడుగులో అడుగేసుకుంటూ నడిచారు. మండపం విరగబడి నవ్వింది. మేడం కళ్ళు తుడుచుకుని "ఒక్క ముక్కా కత్తిరించకుండా కుట్టింది, ఒక్క ముక్కా పాడవకుండా విప్పింది. ఇంకేం కావాలి?" అని మొదటి బహుమతి నాకిచ్చింది.

మర్నాడు ఊరి వాట్సాప్ గ్రూపులన్నిట్లో ఫోటో వచ్చింది. శాలువాల్లో పెద్దలు, మధ్యలో మైకుతో బాబాయి, వాళ్ళ ముందు కుట్టుమిషను. నేను లేను. ఎంత పెద్దది చేసి చూసినా మిషను అంచున నాలుగు వేళ్ళు, అంతే. గుర్తింపంటే ఇదా అని ఆ పూట అన్నం మానేశాను. (సాయంత్రం బజ్జీలు మానలేదు.) నాన్న మాత్రం బజారంతా ఫోను పట్టుకు తిరిగి, కనబడినవాళ్ళకల్లా వేలు పెట్టి చూపించారట: "ఇదిగో, ఈ వేళ్ళు మా అమ్మాయివి." కోచింగు మాట మళ్ళీ ఎత్తలేదు. బస్టాండు పక్క గదిలో కూర్చుని ఇది రాస్తూ ఆ ఫోటో ఇంకోసారి తెరిచాను. ఆ పిచ్చిపిల్ల మిషన్ని ఎంత గట్టిగా పట్టుకుందో, గోళ్ళు తెల్లబడి ఉన్నాయి.